మెదడు కణములలో మాంసకృత్తుల విచ్ఛేదనము: ఆలస్యముగా అడిగిన ఒక ప్రశ్న

కొద్ది నెలల క్రితము మా బంధువులలో ఒకామె తన తల్లిగారి వైద్య పత్రములు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. తల్లికి డెబ్బది నాలుగేళ్ళు. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవటముతో మొదలైన మతిమరుపు మూడేళ్ళలో ముదిరి, కన్నకూతురినే "ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు?" అని అడిగే దాకా వచ్చింది. పరీక్షించిన వైద్యుడు అల్జైమర్ వ్యాధి అని చెప్పి, మెదడులో అసాధారణపు మాంసకృత్తులు పేరుకోవటము వలన ఈ వ్యాధి వస్తుందని వివరించాడట.

"బాబాయిగారూ, మాంసకృత్తులంటే ప్రోటీనులే కదా! అమ్మకు పప్పు, గుడ్డు మాన్పించమంటారా?" అని ఆమె అడిగింది. మాన్పించవద్దన్నాను. మనము తినే మాంసకృత్తులు జీర్ణాశయములోను, చిన్నప్రేగులలోను ఎమైనో ఆమ్లములుగా విరిగిపోయి రక్తములో చేరుతాయి. పప్పులోని మాంసకృత్తి పప్పు రూపములో మెదడుకు చేరదు. ఈ వయస్సులో పప్పు, గుడ్డు మాన్పిస్తే కండలు కరిగి, కాళ్ళలో పట్టు తప్పి, పడిపోవటము ఒక్కటే మిగులుతుంది.

ఆమె అడిగిన రెండవ ప్రశ్నకు మాత్రము వెంటనే సమాధానము చెప్పలేకపోయాను. "ఆ పేరుకున్నదేదో ఇన్నేళ్ళూ ఎందుకు పేరుకోలేదు? డెబ్బయ్యేళ్ళు రోజూ ఊడ్చుకున్న ఇంట్లో ఇప్పుడు కసవు ఎందుకు మిగిలిపోయింది?" అన్నది. వైద్య విద్య ఎరుగని ఆమెకు ఒక్క నిమిషములో తట్టిన ఈ ప్రశ్నను వైద్యశాస్త్రము సూటిగా అడగటానికి సుమారు ఎనభై ఏళ్ళు పట్టింది. ఆ చరిత్రను వివరించటమే ఈ వ్యాసపు ఉద్దేశము.

1901 నవంబరు 25న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక వైద్యశాలలో ఆగస్టె డేటర్ అనే స్త్రీని చేర్చారు. ఆమెకు 51 ఏళ్ళు. భర్త రైల్వే గుమాస్తా. అక్కడి వైద్యుడు అలోయిస్ అల్జైమర్ ఆమె ఎదుట కూర్చొని ప్రశ్నలు వేసి, సమాధానములను ఉన్నవి ఉన్నట్లు వ్రాసుకున్నాడు. పేరు అడిగితే ఆగస్టె అన్నది. ఇంటిపేరు అడిగినా ఆగస్టె అన్నది. భర్త పేరు అడిగితే కొంత తడుముకొని మళ్ళీ అదే పేరు చెప్పింది. మధ్యాహ్న భోజనములో పంది మాంసము, కాలీఫ్లవరు తింటూ, ఏమి తింటున్నావంటే పాలకూర అన్నది. ఈ సంభాషణలున్న దస్త్రము చాలాకాలము కనబడకుండా పోయి 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికింది. రోగి చెప్పిన మాటను రోగి మాటలోనే వ్రాసుకొనే అలవాటు నేటి వైద్యులకు, కంప్యూటరు తెర మీద గడులు నింపే వారికి, నేర్పవలసిన విద్య అని నా అభిప్రాయము.

1906 ఏప్రిల్ 8న ఆమె మరణించింది. అప్పటికి మ్యూనిక్‌లో ఎమిల్ క్రేపెలిన్ వద్ద పనిచేస్తున్న అల్జైమర్ ఆమె మెదడును అక్కడికి తెప్పించుకున్నాడు. మాక్స్ బీల్షోవ్‌స్కీ కొద్ది ఏళ్ళ ముందే రూపొందించిన వెండి లవణముల రంజన పద్ధతితో పలుచని పొరలకు రంగు పట్టించి సూక్ష్మదర్శని క్రింద చూశాడు. నాడీకణముల లోపల చిక్కుపడిన నూలుకండెల వంటి పోగులు, కణముల వెలుపల గుండ్రని మచ్చలు కనిపించాయి. ఆ సంవత్సరము నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన మానసిక వైద్యుల సమావేశములో ఈ సంగతి వివరించాడు. సభలో ఒక్కరు కూడా ప్రశ్న వేయలేదు.

మరుసటి ఏడు అచ్చయిన ఆ చిన్న వ్యాసములో అల్జైమర్ రెండు విషయములు గమనించాడు. ఈ పోగులు మామూలు నాడీతంతువులు పట్టని రంగులను పడుతున్నాయి గనుక వాటి రసాయన స్వభావము మారి ఉండాలన్నది ఒకటి. కణము చచ్చి మాయమైన చోట కూడా పోగుల చిక్కు మాత్రము మిగిలి ఉన్నదన్నది రెండవది. ఇల్లు కూలిపోయినా చెత్త మాత్రము కూలలేదన్నమాట. ఇక్కడ ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే, ఆ చెత్తను కణము ఎందుకు తొలగించుకోలేకపోయిందని అడిగి ఉండేవాడు. అడగకపోవటము ఆయన లోపము కాదు. కణము తన లోపలి పదార్థమును నిత్యము తొలగించుకుంటుందన్న భావనే ఆ కాలములో లేదు.

1912లో, మ్యూనిక్‌లో అల్జైమర్ ప్రయోగశాలలో పనిచేసిన ఫ్రిట్జ్ లెవీ, పార్కిన్‌సన్ వ్యాధిగ్రస్తుల మెదడు కణములలో గుండ్రని ముద్దలను వర్ణించాడు. 1919లో పారిస్‌లో త్రెత్యకోఫ్ వాటిని మెదడు కాండములోని నల్లని భాగములో చూసి, వాటికి లెవీ పేరే పెట్టాడు. తరువాత అర్ధశతాబ్దము పాటు శవపరీక్ష గదులలో పని ఈ తీరునే సాగింది. మరణించిన వారి మెదడును కోయటము, రంగు వేయటము, కనబడిన ముద్దకు పేరు పెట్టటము. ముద్ద దేనితో తయారైనదన్న ప్రశ్న కూడా చాలా ఆలస్యముగా వచ్చింది.

ఈ లోగా మెదడుతో ఏ సంబంధమూ లేని చోట మరొక కథ నడుస్తున్నది.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దములలో శరీరమును యంత్రముగా భావించేవారు. దేహములోని మాంసకృత్తులు యంత్రపు ఇనుప భాగముల వంటివి, దాదాపు శాశ్వతములు. ఆహారము బొగ్గు వంటిది, మండి పోయేది. ఈ రెండు వ్యాపారములు వేరువేరని 1905లో అమెరికాలో ఆటో ఫోలిన్ సిద్ధాంతీకరించాడు. అది ముప్పది ఏళ్ళకు పైగా నిలిచింది. దానిని పడగొట్టినవాడు రుడాల్ఫ్ షోన్‌హైమర్. హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లో జర్మనీ విడిచి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయములో చేరిన యూదు శాస్త్రజ్ఞుడాయన. బరువైన నత్రజనితో గుర్తు పెట్టిన లూసిన్ అనే ఎమైనో ఆమ్లమును పెరుగుదల ఆగిన ఎలుకలకు తినిపించాడు. పాత సిద్ధాంతము ప్రకారము ఆ నత్రజని అంతా మూత్రములో పోవాలి. కాని సగానికి పైగా ఎలుకల దేహపు మాంసకృత్తులలో చేరింది. ఎలుకల బరువు మాత్రము పెరగలేదు. కొత్తది చేరినంత మేర పాతది విరిగిపోయిందనే కదా దాని అర్థము! కదలక మెదలక ఉన్నట్లు కనబడే దేహములో ప్రతి దినము కూల్చివేత, ప్రతి దినము కట్టుబడి జరుగుతున్నాయి. 1941లో ఆయన ప్రాణము తీసుకున్నాడు. ఈ విషయముపై ఆయన చేసిన ప్రసంగములు మరుసటి ఏడు పుస్తకముగా వచ్చాయి.

అయితే కూల్చేదెవరు? ఇక్కడ తెలుగువారికి ఆప్తుడైన ఒకరిని తలచుకోవాలి. భీమవరములో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలసి 1929లో కండరముల నుండి ఏటీపీ అనే పదార్థమును వేరుచేశాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. కణములో జరిగే ప్రతి పనికి చెల్లించే నాణెము ఏటీపీ. చమత్కారము ఏమంటే, సుబ్బారావు పనిచేసిన ఆ శాఖకు అధిపతి ఆటో ఫోలినే.

ఆ నాణెము విచిత్రముగా కూల్చివేత దగ్గర ప్రత్యక్షమయింది. 1953లో మెల్విన్ సింప్సన్ ఎలుక కాలేయపు ముక్కలలో మాంసకృత్తులు విరగటానికి కూడా శక్తి ఖర్చవుతున్నదని చూపాడు. ఇది రసాయన శాస్త్రజ్ఞులకు మింగుడుపడలేదు. మాంసకృత్తిని కట్టటానికి శక్తి కావాలి, సరే. విరగటానికి ఎందుకు? జీర్ణరసములోని పెప్సిన్‌ను గాజు గొట్టములో పోసి కోడిగుడ్డు తెల్లసొన వేస్తే, ఏ ఏటీపీ లేకుండానే కరిగిపోతుంది. కొండ మీది రాయి దొర్లటానికి ఎవరైనా కూలి ఇస్తారా? 1955లో బెల్జియము శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డ్యూవ్ లైసోజోములు అనే జీర్ణ సంచులను కనుగొన్నప్పుడు సమస్య తీరిందని చాలామంది భావించారు. తీరలేదు. కాలేయములో కొన్ని ఉత్ప్రేరకముల ఆయుర్దాయము నిమిషములు. మరికొన్ని మాంసకృత్తులు రోజుల తరబడి ఉంటాయి. సంచిలో పడిన సమస్తమును కరిగించే వ్యవస్థకు ఇంత ఎంపిక ఎక్కడిది?

సమాధానము కుందేలు రక్తములో దొరికింది. లేత ఎర్రకణములలో లైసోజోములు ఉండవు. అయినా వాటిలో వికృతముగా తయారైన హీమోగ్లోబిన్ చకచకా విరిగిపోతుంది, మంచి హీమోగ్లోబిన్ మాత్రము నిక్షేపముగా ఉంటుంది. 1977లో ఆల్ఫ్రెడ్ గోల్డ్‌బెర్గ్, జోసెఫ్ ఎట్లింగర్ ఈ కణములను చిదిపి తీసిన రసములో కూడా ఏటీపీ ఉంటేనే ఈ పని జరుగుతున్నదని చూపారు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరములో అవ్రామ్ హెర్ష్‌కో, ఆయన శిష్యుడు ఆరన్ చికనోవర్ ఆ రసమును రెండు భాగములుగా విడదీశారు. దేనికది పనిచేయలేదు, కలిపితే పనిచేసింది. మొదటి భాగము నిండా ఎర్రని హీమోగ్లోబినే. ఇతరులైతే పారబోసే భాగమది. అందులోని పనిమంతుని వేరుచేయటానికి వారొక మొరటు ఉపాయము చేశారు. దానిని మరిగే వేడికి దగ్గరగా వేడి చేశారు. హీమోగ్లోబిన్ విరిగిన పాలవలె గడ్డకట్టి అడుగున పడింది. పైన తేరిన నీటిలో ఒక చిన్న మాంసకృత్తి వేడికి చెక్కుచెదరకుండా మిగిలింది. 1978లో దానిని ప్రకటించారు.

ఫిలడెల్ఫియాలో అర్విన్ రోజ్ ప్రయోగశాలలో సాగిన పనిలో, ఆ చిన్న మాంసకృత్తి విరగవలసిన మాంసకృత్తికి రసాయన బంధముతో అతుక్కుంటున్నదని 1980 నాటికి తేలింది. ఒకటి కాదు, అనేకము. అది కొత్తదేమీ కాదని కూడా అప్పుడే తెలిసింది. 1975లో గిడియన్ గోల్డ్‌స్టైన్ పశువుల థైమస్ గ్రంథి నుండి వేరుచేసి, ఎక్కడ చూసినా కనబడుతున్నదని యుబిక్విటిన్ అని పేరు పెట్టిన 76 ఎమైనో ఆమ్లముల గొలుసే అది. పేరు పెట్టారు గాని, దాని పని ఏమిటో అప్పటికి తెలియదు.

అడవిలో నరకవలసిన చెట్టుకు ముందుగా అటవీ శాఖవారు సుత్తితో ముద్ర వేస్తారు. గొడ్డలి పట్టినవాడు ముద్ర ఉన్న చెట్టునే నరకాలి. యుబిక్విటిన్ ఆ ముద్ర. గొడ్డలి పని ప్రోటియజోమ్ అనే పీపా వంటి నిర్మాణముది. కోసే అంచులన్నీ పీపా లోపలి గోడకు ఉంటాయి, మూతి ఇరుకు. ముద్రపడిన మాంసకృత్తిని మడతలు విప్పి, దారమువలె సాగదీసి, మూతిలోనికి నెట్టాలి. ముద్ర వేయటానికి, మడత విప్పటానికి ఏటీపీ ఖర్చవుతుంది. సింప్సన్‌కు కనబడిన ఖర్చు లెక్క అదే. కత్తి చవుక, ఎవరిని కోయాలో ఎంచటానికి అయ్యేదే ఖరీదు. హెర్ష్‌కో, చికనోవర్, రోజ్‌లకు 2004లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ రెండు కథలు 1987లో కలిశాయి. జపానులో మోరి, కొండో, ఇహారా అల్జైమర్ వ్యాధిగ్రస్తుల మెదడులోని పోగులను శుద్ధిచేసి పరీక్షిస్తే వాటికి యుబిక్విటిన్ అతుక్కొని ఉన్నది. మరుసటి ఏడు ఇంగ్లండులో జేమ్స్ లోవ్ బృందము అదే ముద్ర పార్కిన్‌సన్ వ్యాధిలోని లెవీ ముద్దలలోను, ఇతర మెదడు వ్యాధుల ముద్దలలోను ఉన్నదని చూపింది. ఆగస్టె డేటర్ మరణించి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటాయి. నరకవలసిన చెట్లకు ముద్ర వేశారు, కాని నరికినవారు లేరు. కణము చెత్తను గుర్తించింది, ఎత్తివేయ ప్రయత్నించింది, ఎత్తలేకపోయింది. మా బంధువు అడిగిన ప్రశ్నను ప్రయోగశాల అప్పుడు సూటిగా అడిగింది.

ముద్దలోని పదార్థము పోల్చుకొనే పని కూడా ఆ దశకములోనే ఊపందుకుంది. 1984లో జార్జ్ గ్లెన్నర్, కెయిన్ వాంగ్ అల్జైమర్ వ్యాధిలో పేరుకొనే అమిలాయిడ్ తునకను వేరుచేశారు. కణముల వెలుపలి మచ్చలకు మూలము అదే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి మెదడులో కూడా అదే పదార్థమును వారు చూశారు. కణముల లోపలి పోగులు టౌ అనే మాంసకృత్తివని 1986 నాటికి తేలింది. డౌన్ సిండ్రోమ్ సంగతి ముఖ్యము. ఆ పిల్లలకు 21వ క్రోమోజోము మూడు ప్రతులు. అమిలాయిడ్‌కు మూలమైన జన్యువు ఆ క్రోమోజోము మీదనే ఉన్నది. మాంసకృత్తిలో వంకర ఏమీ లేదు. మోతాదు మించింది, అంతే. నలుబది ఏళ్ళకే వారి మెదడులో మచ్చలు కనబడతాయి. పార్కిన్‌సన్ వ్యాధిలోను ఇటువంటిదే 2003లో బయటపడింది. లెవీ ముద్దలలో ఉండే ఆల్ఫా సైన్యూక్లిన్ జన్యువు మూడింతలయిన ఒక కుటుంబములో వ్యాధి తరతరములుగా వచ్చింది. జన్యువు ఉత్పత్తి చేసే మాంసకృత్తి వంకరగా ఉన్నా ముప్పే, తిన్నగా ఉండి అధికమైనా ముప్పే. వచ్చే చెత్త ఎత్తేవాని శక్తిని మించితే పేరుకుంటుంది.

ఎత్తేవాడే లేకపోతే? 1998లో జపానులో చిన్న వయస్సులో వచ్చే పార్కిన్‌సన్ వ్యాధికి కారణమైన పార్కిన్ జన్యువు దొరికింది. పార్కిన్ చేసే పని యుబిక్విటిన్ ముద్ర వేయటమేనని 2000లో తేలింది. 2006లో జపానులోనే రెండు బృందములు ఎలుకల నాడీకణములలో ఆటోఫజీని ఆపివేశాయి. పాత సరుకును సంచిలో చుట్టి లైసోజోముకు చేర్చే మార్గమది. దానిని ఈస్ట్ కణములలో శోధించిన యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఆ ఎలుకలలో వ్యాధి జన్యువు ఏదీ లేదు. అయినా నాడీకణములలో యుబిక్విటిన్ ముద్ర ఉన్న ముద్దలు పేరుకొని, ఎలుకలకు నడక తప్పింది. ఈ ప్రయోగము చదివిన రోజు నాకు బాగా గుర్తు. ఊడ్చటము మానితే చాలు, ప్రత్యేకముగా చెత్త పోయనక్కరలేదు.

మెదడే ఎందుకు బలి కావాలి? చర్మ కణము విభజన చెందుతుంది. దానిలోని చెత్త పిల్ల కణములకు పంచుకుపోతుంది, చివరకు పొట్టుగా రాలిపోతుంది. నాడీకణములలో అత్యధిక భాగము మన పుట్టుకతో వచ్చి మనతోనే పోతాయి. పైగా కొన్నిటి తంతువులు మీటరు పొడుగు. ఆ చివర పాడైన సరుకును ఈ చివరకు మోసుకురావాలి.

ఇంత చెప్పినా, చెత్త ఎత్తలేకపోవటమే అన్ని వ్యాధులకు మూలకారణమని నేను అనను. ముద్ర ఉన్నదంటే పారిశుధ్యము ముందే చెడిందనా, ముద్ద ఏర్పడ్డాక దానిని మింగబోయి పీపాలు మూసుకుపోయాయనా? రెండింటికి ఆధారములున్నాయి. ఆశ కలిగించిన ప్రయోగము ఒకటి చెబుతాను. 2000లో కొలంబియాలోనే హంటింగ్టన్ వ్యాధి జన్యువును ఎలుకలలో మీటవలె వేసి తీయగలిగేలా అమర్చారు. వేసినప్పుడు ముద్దలు వచ్చాయి, నడక చెడింది. తీసివేస్తే ముద్దలు మాయమయ్యాయి, నడక మెరుగుపడింది. చెత్త పోయటము ఆగితే, ముసలి చీపురు కూడా పని చేయగలదు.

ఎలుక వేరు, మనిషి వేరు. హంటింగ్టన్ మాంసకృత్తి ఉత్పత్తిని తగ్గించే ఒక మందును మనుషులలో పరీక్షిస్తూ 2021లో మధ్యలో ఆపివేశారు; మేలు కనబడలేదు. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. మచ్చలు బాగా తగ్గాయి. పద్దెనిమిది నెలలలో వ్యాధి క్షీణత సుమారు 27 శాతము నెమ్మదించింది, ఆగలేదు. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావము వచ్చాయి. ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దలు ఊరికే అనలేదు.

నేను వైద్యము మొదలుపెట్టిన రోజులలో ఇటువంటి రోగిని తీసుకువస్తే, "వయస్సు మీద పడింది, చాదస్తము, ఇంట్లో జాగ్రత్తగా చూసుకోండి" అని పంపివేసేవాడిని. మా పాఠ్యపుస్తకము అల్జైమర్ వ్యాధిని అరుదైనదిగా, నడివయస్సు వారికి వచ్చేదిగా ఒక్క పేరాలో ముగించింది. చాదస్తమన్న ఆ ఒక్క మాటతో ఎన్ని ఇళ్ళలో ముసలివారిని వెక్కిరించారో, గదిలో పెట్టి గొళ్ళెము వేశారో! తిట్టిన కోడలిది తప్పు కాదు. అది రోగమని నేను చెప్పలేదు.

ఆ రోజు మా బంధువు సంచిలో నుండి ఒక డబ్బా కూడా తీసింది. మెదడులోని చెడు ప్రోటీనులను కడిగివేసే చూర్ణమట, నెలకు మూడు వేల రూపాయలు. ఏ చూర్ణమూ టౌ పోగులను కడిగినట్లు నాకు తెలియదని చెప్పాను. కాగితములు తిరగవేస్తే తల్లికి బీ12 విటమిను, థైరాయిడు పరీక్షలు చేసినట్లు కనబడలేదు. ఆ రెండింటి లోపము వలన వచ్చే మతిమరుపు చాలావరకు మందులకు లొంగుతుంది. అల్జైమర్ ఉన్నా అవి తోడై బాధ పెంచవచ్చు. నిద్రకని ఆమె వాడుతున్న మాత్ర ఒకటి కూడా మతిమరుపును పెంచేదే. దానిని ఒక్కసారిగా ఆపవద్దని, వ్రాసిన వైద్యుని అడిగి క్రమముగా తగ్గించమని చెప్పాను. పరీక్షలు వ్రాసి ఇచ్చాను.

బీ12 తక్కువగానే వచ్చింది. సూదిమందు మొదలుపెట్టారు. కూతురిని గుర్తుపట్టటములో పెద్ద మార్పు రాలేదట, నడకలో తూలు మాత్రము తగ్గిందట. డబ్బా మా ఇంట్లోనే మరచిపోయి వెళ్ళింది, మళ్ళీ అడగలేదు.